ఎవరి చెయ్యి ఎలాంటిది?

దసరా బోనస్‌లు చేతికొచ్చే వేళ ఈ సంచిక మీ ముందుకు వస్తోంది.

డబ్బు గురించి రాసేటప్పుడు అందరం ఆదాయంతోనే మొదలుపెడతాం. కానీ ఒకే జీతం తెచ్చే అన్నదమ్ముల్లో ఒకరికి నెలాఖరుకు చేబదులు తప్పదు, ఇంకొకరు ఉన్న చెప్పులు తెగేదాకా కొత్తవి కొనరు. ఆ తేడా స్వభావంలో ఉంది. ఈ సంచికలోని రచనలన్నింటినీ కలిపే దారం అదే.

2016లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు బ్రిటన్‌లోని ఒక బ్యాంకు ఖాతాదారుల 76 వేలకు పైగా లావాదేవీలను వారి వ్యక్తిత్వంతో పోల్చి చూశారు. స్వభావానికి తగ్గ ఖర్చు చేసేవారిలో జీవితంపట్ల తృప్తి ఎక్కువ కనిపించింది. మరో ప్రయోగంలో కొందరికి పుస్తకాల షాపు కూపన్లు, కొందరికి బార్ కూపన్లు ఇచ్చారు. నలుగురిలో కలిసే తత్వం ఉన్నవారికి బార్ సంతోషాన్నిచ్చింది. తమలో తాము ఉండేవారికి పుస్తకం.

ఈ చర్చ ఇప్పుడే ఎందుకంటే, మన దేశంలో అదే ఏడాది యూపీఐ వచ్చింది. నోట్లు లెక్కపెట్టి ఇచ్చేటప్పుడు మనసు కాస్త వెనకాడేది. ఆ బాధ కొందరికి అవసరానికి కూడా పర్సు తీయనివ్వనంత, కొందరికి అసలు తెలియనంత. స్కాన్ చేస్తే సరిపోయే రోజుల్లో ఈ రెండో రకం వారికి ఆ కొద్దిపాటి అడ్డూ తొలగిపోయింది. మాకు ఎక్కువ బెంగ వాళ్ల గురించే.

అలాగని ఈ పేజీల్లో మందలింపులు ఉండవు. ఎవరినీ పిసినారి అనీ, దుబారా మనిషి అనీ ముద్ర వేయొద్దని రచయితలను ముందే కోరాం. పండగ కొనుగోళ్లకు బయలుదేరే ముందు ఇంటిల్లిపాదీ కలిసి చదువుతారని మా ఆశ.

– సంపాదకవర్గం