తోమితే... ధర పోతుంది!

గురువారం. హైదరాబాద్ పురానాపూల్ దగ్గర జుమ్మేరాత్ బజార్. జుమ్మేరాత్ అంటే గురువారమే. పేరులోనే వారం ఉంది. పొద్దున్నే నేలమీద దుప్పట్లు పరుచుకుంటాయి. వాటిమీద ఇత్తడి చెంబులు, ఆగిపోయిన గడియారాలు, గీతలు పడ్డ గ్రామఫోన్ రికార్డులు, చెవి పోయిన తాళంకప్పలు, కప్ప పోయిన తాళంచెవులు! దారినపోయేవాళ్లకి అదంతా చెత్త. చూపున్నవాళ్లకి సరుకు.

ఇంతకీ ఈ సరుకంతా ఎక్కణ్నుంచి వస్తుంది? చాలావరకూ మన ఇళ్లలోంచే. ఇల్లు మారినప్పుడో, పెద్దవాళ్లు పోయినప్పుడో అటక దులుపుతారు. వీధిలో వెళ్తున్న పాతసామాన్లవాణ్ని పిలిచి మొత్తం తూకానికి ఇచ్చేస్తారు. అతనికి తెలిసింది కిలోల లెక్క. అతని దగ్గర మూట కొన్నవాడు అందులోంచి ఏరి దుప్పటిమీద పెడతాడు. అతనిది వస్తువు లెక్క. దాన్ని కొనుక్కెళ్లి, సేకరించేవాళ్లకి అమ్మే డీలరుది మరో లెక్క. వస్తువు అదే. చేయి మారినకొద్దీ ధర పెరుగుతుంది. కారణం ఒక్కటే... దాన్ని గుర్తుపట్టడం!

నాణేల సంగతే చూడండి. బ్రిటిష్ కాలపు వెండి రూపాయి బరువు 11.66 గ్రాములు. అంటే పాతలెక్కలో సరిగ్గా తులం. అందులో దాదాపు 92 శాతం వెండి ఉండేది. రెండో ప్రపంచయుద్ధం వచ్చింది. 1940లో వెండిని సగానికి తగ్గించేశారు. 1947 నాటికి వెండి మొత్తం పోయి నికెల్ రూపాయి వచ్చింది. చేతికి అన్నీ ఒకేలా తగులుతాయి. ఏడాది చదవడం తెలిసినవాడికి మాత్రం మూడూ మూడు ధరలు.

నిజాం రూపాయి ముచ్చట ఇంకోటి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో, మహబూబ్ అలీఖాన్ కాలంలో, దానిమీదికి చార్మినార్ బొమ్మ ఎక్కింది. ఆ బొమ్మలో ద్వారం మధ్య ఓ చిన్న అక్షరం కనిపిస్తుంది. 'మీమ్' ఉంటే మహబూబ్ అలీఖాన్‌ది, 'ఐన్' ఉంటే ఉస్మాన్ అలీఖాన్‌ది. సంవత్సరం హిజ్రీలో ఉంటుంది. ఆ అంకెలు చదవడం రాకపోతే ఏ రూపాయి అరుదైనదో, ఏది మామూలుదో తెలియదు. బజారులో కూర్చునే పాతకాపులు చాలామంది బడి ముఖం చూడకపోయినా ఈ అక్షరాలు మాత్రం ఇట్టే పట్టేస్తారు.

కష్టం వచ్చినప్పుడు ఇంట్లోంచి బయటికొచ్చేది నాయనమ్మ రూపాయల దండ. వెండి అంగడికి తీసుకెళ్తే తూచి డబ్బు చేతిలో పెడతారు. అందులో తప్పేం లేదు. దండకోసం కొక్కెం అతికిన నాణేనికి సేకరించేవాళ్ల దగ్గర ఎలాగూ విలువ తక్కువే. కానీ పెట్టెలో విడిగా దాచిన నాణేలు కూడా అదే తక్కెడలో పడిపోతాయి చూశారూ... నష్టమంతా అక్కడే!

ఇంకో నష్టం మన చేతులారా చేసుకునేది. అమ్మేముందు కొత్తదిలా కనిపించాలని చింతపండు పెట్టి తోమేస్తారు. ఏళ్ల తరబడి పట్టిన నలుపు పోతుంది, సన్నటి గీతలు పడతాయి. సేకరించేవాడికి కావలసింది ఆ పాతదనమే. మెరిసే నాణెం చూడగానే డీలరు పెదవి విరిచేస్తాడు.

మోసాలూ తక్కువేం కాదు. ఒకవైపు సీతారాములు, రెండోవైపు '1818, ఈస్టిండియా కంపెనీ' అని ఉన్న రాగి బిళ్లలు ఊరూరా తిరుగుతుంటాయి. బియ్యాన్ని లాగేస్తాయనీ, కోట్లు పలుకుతాయనీ కథలు. కంపెనీ అలాంటివి ఎన్నడూ అచ్చువేయలేదు. వైష్ణోదేవి బొమ్మ ఉన్న అయిదు రూపాయల బిళ్లకి లక్షలిస్తామనేది మరో వల. అది 2012లో వచ్చిన నాణెం, అంతే! ముందు కమీషన్ కట్టమంటారు, కట్టాక ఫోన్ ఎత్తరు. తన పేరు చెప్పి ఇలా డబ్బులు గుంజుతున్నారని రిజర్వుబ్యాంకు 2021 ఆగస్టులో హెచ్చరించింది కూడా.

చట్టమూ తెలుసుకోవాలి. 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణేలు, విగ్రహాల వంటివాటితో వ్యాపారం చేయాలంటే లైసెన్సు ఉండాలి. సొంతంగా విదేశాలకు పంపకూడదు. పొలంలో బిందె దొరికితే అది దొరికినవాడి సొత్తయిపోదు. పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకి తెలపాలని 1878 నుంచీ చట్టం ఉంది. ఇక బజారులో కొనేవాళ్లు 'ఇది ఎక్కడిది?' అని అడగడం మరిచిపోకూడదు. దొంగసొత్తని తెలిసీ కొంటే కొన్నవాడూ నేరస్థుడే.

కాబట్టి అటక దులిపే ముందు ఒక్క నిమిషం ఆగండి. పాతసామాన్లవాడి తక్కెడ ఎక్కడికీ పోదు. పెట్టెలో ఉన్నది ఏమిటో ముగ్గురికి చూపించి అడగండి. చూపించే ముందు మాత్రం... దయచేసి తోమకండి!