చూచితిమి గాని గమనింపలేదు



మొన్న ఆదివారము చిలమత్తూరులో ఆరాధన ముగిసిన తరువాత వాకిట నిలిచి, చేతులు జోడించి అందరికి వందనములు చెప్పితిమి. ఒక తల్లికిని చెప్పితిమి. ఆమె ముఖము చూచియే చెప్పితిమి. సాయంకాలము ఒకరు చెప్పగా తెలిసినది. ఆమె కుమారుడు మూడు దినములుగా జ్వరముతో మంచము పట్టియున్నాడట. ఏడ్చి ఏడ్చి ఆమె కన్నులు వాచియున్నవట. ఎదుట నిలిచియు మేము ఎరుగము. ఆ సమయమున మా మనస్సులో ఒక్కటే ప్రశ్న: ఈ వారము ఎవరు రాలేదు?

దేవుడు కన్నును వింతగా నిర్మించెను. చేయి చాచి మీ బొటనవ్రేలి గోరును చూడుడి. ఇంచుమించు అంత మేరయే మనకు స్పష్టముగా కనబడును, చుట్టునున్నది మసక. ఈ పుటలో ఒక మాటపై చూపు నిలిపి, కన్ను కదపక అంచుననున్న మాటను చదువ చూడుడి, తెలియును. అందుచేత కన్ను సెకనుకు సుమారు మూడు మారులు చోటు మార్చి దూకుచుండును. ఎక్కడికి దూకవలెనో ఎక్కువగా నిర్ణయించునది మన ధ్యాస.

ఆల్ఫ్రెడ్ యార్బస్ అను సోవియట్ శాస్త్రజ్ఞుడు ఒకే చిత్రమును చూపి వేర్వేరు ప్రశ్నలడిగెను. 1967లో ఇంగ్లీషులో వెలువడిన ఆయన పుస్తకములో ఆ సంగతులున్నవి. వీరి వయస్సెంత అని అడిగినప్పుడు కన్నులు ముఖములపై తిరిగినవి. వీరి కలిమి ఎంత అని అడిగినప్పుడు బట్టలపైకి, సామానుపైకి పోయినవి. చిత్రము అదే; ప్రశ్న మారగా చూపు మారెను.

కన్ను సరియైన చోటనున్నను చాలదు. 1999లో అమెరికాలో సైమన్స్, చాబ్రిస్ అను ఇద్దరు ప్రచురించిన పరిశోధనలో, బంతి ఎన్నిమారులు చేతులు మారెనో లెక్కించుచున్న వారిలో ఇంచుమించు సగము మంది, మధ్యగా నడిచిపోయిన గొరిల్లా వేషగాని చూడనేలేదు. లెక్కలో మునిగినవారికి ఎదుటివాడు కనబడలేదు. మా సంగతియు అంతే.

మార్కు సువార్త 12వ అధ్యాయము తెరువుడి. కానుకపెట్టె యెదుట కూర్చున్న ప్రభువు ఎవరు ఎంత వేసిరని కాదు, వేసిన తరువాత వారికి ఏమి మిగిలెనని చూచెను. అందుకే రెండు కాసులు వేసిన విధవరాలు ఆయనకు కనబడెను.

సోమవారము ఆ తల్లి ఇంటికి వెళ్లి క్షమించుమని అడిగితిమి. ఆమె ఏమియు అనక చాప పరచెను. బిడ్డ కొరకు ప్రార్థించితిమి.

ఈ రాత్రి మీ యింట అందరు భోజనమునకు కూర్చున్నప్పుడు, ఎవరు ఏ పని చేయలేదని చూడకుడి. ఎవరికి ఏ భారమున్నదని మనస్సులో ప్రశ్నించుకొని చూడుడి. ప్రభువు మన కన్నులకు తన ప్రశ్నను నేర్పును గాక. ఆమేన్.