గొయ్యి మనది, కాంటా ఎవరిది?

వానలు వెనకబట్టాక మా కొండల్లో రంగురాళ్ల కబురు మొదలవుతుంది. ఫలానా గెడ్డ పక్కన రాయి తేలిందట, ఫలానా మెట్ట మీద ఒకడికి మోటారు సైకిలు కొనేంత రాయి దొరికిందట. మర్నాటి నుంచి తొమ్మిది, పది తరగతుల బెంచీలు ఖాళీ. మేము హాజరు పట్టీలో సున్నాలు చుట్టుకుంటూ కూర్చుంటాం.

కొన్నేళ్ల కిందట మా దగ్గర చదువుకున్న కుర్రాడొకడు అలాగే వెళ్లాడు. రాత్రిపూట టార్చిలైటు పెట్టుకుని, రెండు నిలువుల లోతు గోతిలోకి దిగాడు. పైమట్టి కూలింది. కూడా వెళ్లినవాళ్లు కేసుకు భయపడి తెల్లవారేదాకా ఎవరికీ చెప్పలేదు. శవాన్ని డోలీలో దించారు. గునపాలకీ బియ్యానికీ డబ్బు పెట్టిన షావుకారు పేరు ఏ కాగితం మీదా లేదు. దొంగతనంగా తవ్వినవాడని మన కుర్రాడి పేరు మాత్రం రాసుకున్నారు.

నర్సీపట్నం చుట్టుపక్కల కొండల్లో ఇది కొత్త సంగతి కాదు. కరక కొండ పేరు చెబితే జిల్లాలో ఎవరికైనా ముందు గుర్తొచ్చేవి రంగురాళ్లు, ఆ తర్వాత గుర్తొచ్చేవి కూలిన గోతులు. ప్రమాదం జరిగిన వారం రోజులు పేపర్లలో రాస్తారు, కాపలా పెంచుతారు, గోతులు పూడుస్తారు. మళ్లీ వానలు వస్తాయి.

ఆ గోతుల్లో దొరికేదేమిటో మన పిల్లలకు ఎవరు చెప్పారు? ఈ కొండల్లో వైడూర్యం ఉంది, పిల్లికన్ను రాయి అంటారే అది. అలెగ్జాండ్రైట్ ఉంది. రెండూ ఒకే జాతి ఖనిజం. అలెగ్జాండ్రైట్ పగటి వెలుగులో పచ్చగా, బల్బు వెలుగులో ఎర్రగా కనిపిస్తుంది. ఆ ఒక్క గుణానికే దాని ధర. ఈ సంగతి తెలియని కుర్రాడు పట్టపగలు పచ్చరాయి అనుకుని అమ్ముకుంటాడు. తెలిసిన దళారి రాత్రికి ఇంట్లో లైటు వేసి చూసుకుని నవ్వుకుంటాడు. రత్నాలను తూచేది క్యారెట్లలో, గ్రాముకు 5 క్యారెట్లు. మన దగ్గర కొనేటప్పుడు మాత్రం గుప్పెడు లెక్క, డబ్బా లెక్క. చింతపండు కొనే షావుకారు కూడా కాంటా పెడతాడు, ఆ కాంటా మోసపుదైనా సరే. రాళ్లు కొనేవాడికి ఆ పాటి సిగ్గు కూడా లేదు.

అలా పోయిన రాయి ఎక్కడో నగరంలో సానపట్టించుకుని, వెండిలోనో బంగారంలోనో కూర్చుని అద్దాల షాపులోకి చేరుతుంది. రాయి అక్కడికి చేరేసరికి మన కొండ పేరు ఊడిపోతుంది. ఇంకో తమాషా కూడా ఉంది. అవే నగరాల్లో ‘ట్రైబల్ జ్యుయలరీ’ అని బోర్డు పెట్టి, మన అమ్మమ్మల కంటెల నమూనాలు మిషన్ల మీద పోతపోసి అమ్ముతారు. రాయి మనదైతే పేరు దాస్తారు, నగ మనది కాకపోతే పేరు తగిలిస్తారు.

రాళ్ల వ్యాపారం మన జాతికి చేతకాదనేవాళ్లు మనలోనే ఉన్నారు. వాళ్లకు రెండు సంగతులు చెప్పాలి. తూర్పు కనుమల్లో విస్తారంగా ఉన్న ఒక రాతికి శాస్త్రవేత్తలు పెట్టిన పేరు ఖొండలైట్. మన కోదు బంధువుల పేరే అది, ఖొండుల కొండల్లో ఉంది కాబట్టి ఆ పేరు. ఆ రాతిలో గార్నెట్ ఉంటుంది. ఇక గోదావరి అవతల, కోయ బంధువుల ప్రాంతంలో, కొత్తగూడెం దగ్గర గరీబ్‌పేట కొండ ఉంది. అక్కడి ఎర్ర గార్నెట్‌నూ, పుదుచ్చేరి పక్కన అరికమేడు తవ్వకాల్లో దొరికిన పాత పూసలనూ పరిశోధకులు పోల్చి చూశారు. రాయి లోపలి గుణాలు కలిశాయి. అరికమేడు రెండువేల ఏళ్ల కిందట రోముతో వ్యాపారం చేసిన రేవు. మన ప్రాంతపు రాయి అంత పాత కాలంలోనే సముద్రపు రేవుకు చేరింది. ఊరి పేరు మాత్రం ఈనాటికీ గరీబ్‌పేటే.

చట్టం మన పక్షాన లేదా? ఉంది. 1970లో వచ్చిన 1/70 గురించి మన పిల్లలకు ఎంతో కొంత తెలుసు. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఎందరికి తెలుసు? షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకూ ప్రైవేటు కంపెనీలకూ గనుల కోసం లీజుకివ్వకూడదని చెప్పింది. తవ్వితే ప్రభుత్వ సంస్థ తవ్వాలి, లేదా గిరిజనుల సహకార సంఘం తవ్వాలి. 1996 నాటి పెసా చట్టం ప్రకారం చిన్న తరహా ఖనిజాల లీజుకు గ్రామసభ సిఫార్సు ముందే ఉండాలి. 2015లో కేంద్రం 31 ఖనిజాలను ఆ చిన్న తరహా జాబితాలో చేర్చింది. అకీకు, కురువిందం అందులో ఉన్నాయి, స్ఫటికం 2025 దాకా ఉండేది. కెంపూ నీలమూ కురువిందం జాతివే. రిజర్వు అడవైతే దానిపైన 1980 అటవీ సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి కూడా కావాలి. ఇది తేలిక దారి అని మేము చెప్పడం లేదు. దారి ఉందని చెబుతున్నాం. మన సహకార సంఘం అన్న మాట కోర్టు తీర్పులో ఇన్నేళ్లుగా ఉంది. మన గ్రామసభ తీర్మానాల పుస్తకాల్లోకి అది ఎందుకు రాలేదు?

ఇప్పుడు శిక్షణల సంగతి. ఏటా ఎవరో ఒకరు వస్తారు. వారం రోజులు నగల తయారీ శిక్షణ అంటారు. పట్నం నుంచి తెచ్చిన ప్లాస్టిక్ పూసలు, గాజు పూసలు, నైలాను దారం పంచుతారు. ఏడో రోజు సర్టిఫికెట్టు, ఫొటో, పులిహోర. ఎనిమిదో రోజు నుంచి పూసలు ఎక్కడ కొనాలో ఆడపిల్లలకు తెలియదు, దండ ఎంతకు అమ్మాలో తెలియదు. పూసలు గుచ్చడం మన ఆడవాళ్లకు నేర్పడానికి వాళ్లెవరు? అది మన నాయనమ్మలకు పుట్టుకతో వచ్చిన విద్య. మనకు రానిది రాయిని గుర్తుపట్టడం, సానపట్టడం, ధర కట్టడం, బిల్లు రాయడం. సరిగ్గా ఆ నాలుగూ ఎవరూ నేర్పరు.

సానపట్టడం దేవరహస్యమేమీ కాదు. రాయిని పుల్ల చివర లక్కతో అంటించి, తిరిగే చక్రానికి ఆనించి, ముఖం తర్వాత ముఖం అరగదీస్తారు. లక్క మనకు తెలియదా? చేతి ఓపిక మనకు లేదా? అయితే ఒక హెచ్చరిక. గుజరాత్‌లో రతన్‌పూర్ దగ్గర అకీకు రాయిని తవ్వేది భిల్లు ఆదివాసులు. దాన్ని సానపట్టేది ఖంబాత్ పట్నంలో. ఆ పనిలో రాతి దుమ్ము పీల్చి అక్కడి కూలీలు ఊపిరితిత్తుల జబ్బు సిలికోసిస్‌తో చచ్చిపోతున్నారు. గోతిలోంచి పైకి తీసుకొచ్చి మన పిల్లల్ని దుమ్ములో కూర్చోబెడితే ఒరిగిందేమిటి? చక్రం మీద నీళ్లు ధారగా పడాలి, దుమ్ము లాగే ఫ్యాను ఉండాలి. ఇళ్లలో, పొయ్యి పక్కన, పసిపిల్లల మధ్య ఈ పని పెట్టకూడదు. ఈ ఖర్చు ఒప్పుకోని పథకం ఏదొచ్చినా వద్దని చెప్పండి.

ధర కట్టడం గురించి మాకు కాస్త ఎక్కువే చెప్పాలని ఉంది, ఎందుకంటే మన వ్యాపారాలన్నీ అక్కడే మునుగుతాయి. ఒక జత చెవి లోలాకులు అనుకుందాం. రాయి 60 రూపాయలు, వెండి కొక్కాలు 80, సానపట్టిన కూలి 100, బస్సు చార్జీ, సంచీ కలిపి 20. మొత్తం 260. మన పిల్ల దాన్ని 300కు అమ్మి 40 లాభం అంటుంది. కూర్చుని గుచ్చిన రెండు గంటలు ఎవరివి? గంటకు 60 వేసుకున్నా 380 అవుతుంది. ఆ పిల్ల లాభం వచ్చిందనుకుంటూ 80 రూపాయలు ఎదురిచ్చింది. పట్నం షాపువాడు తన వాటా పట్టుకుని మిగిలింది ఇస్తాడు, సరుకు అమ్ముడయ్యాకే ఇస్తాడు, ఆ లెక్క వేరే. ఇది ఐదో తరగతి లెక్క. మేమే ఇలాంటివి బళ్లో చేయించలేదు. రైళ్లు ఎదురెదురుగా వెళ్లే లెక్కలు చేయించాం, మా ఊరికి రైలే లేదు.

ఈ తప్పు మాదే. రాళ్ల జోలికి పోవద్దురా అని తిట్టాం తప్ప ఆ రాయి ఏమిటో చెప్పలేదు. డిప్లొమా చదివినప్పుడు స్థానిక వనరులతో బోధన అని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాం. కొండ మీది రాయి స్థానిక వనరని మాకు తట్టలేదు.

కొండను ఎవరూ ముట్టకూడదు, కొండ మన దేవత అని పెద్దలంటారు. వాళ్ల మాటను కొట్టిపారేసే ధైర్యం మాకు లేదు, కొట్టిపారేయాలనీ లేదు. ఫలానా కొండ వద్దని గ్రామసభ అంటే అదే చివరి మాట కావాలి. కానీ ఆ మాట షావుకారుకూ వర్తించాలి. దేవత పేరు చెప్పి మనవాళ్లను ఆపి, రాత్రిళ్లు లారీకి దారి విడిచే పెద్దమనుషులు కూడా మనకు తెలుసు.

తమ్ముళ్లూ చెల్లెళ్లూ, సంఘం ఏర్పడి లీజు వచ్చేదాకా ఏం చేయాలని అడుగుతారు. గోతి రాయి కొనకండి, అమ్మకండి, మోయకండి. బిల్లు ఇచ్చే షాపులో ముడి గార్నెట్, స్ఫటికం తక్కువ రకంవి కొని చేయి తిప్పుకోండి. రంగు వేసిన రాయైతే రంగు వేసిందనే చెప్పి అమ్మండి. కొన్నవాడికి ఊరి పేరు, చేసిన మనిషి పేరు రాసిన చీటీ ఇవ్వండి. చింతపండుకూ తేనెకూ గిరిజన సహకార సంస్థ 1956 నుంచి ఉంది. రాయికీ నగకూ అలాంటి కాంటా ఒకటి కావాలని ప్రతి గ్రామసభలో తీర్మానం రాయించండి. రాయడం రాకపోతే మా దగ్గరకు రండి, మేము రాసిపెడతాం.

మా బళ్లో ఈ ఏడాది పదిరెట్లు పెద్దగా చూపించే భూతద్దం ఒకటి, చిన్న ఎలక్ట్రానిక్ కాంటా ఒకటి కొన్నాం, మా జీతాల్లోంచే. గెడ్డలో ఏరిన గులకరాళ్లను పిల్లలు తూచి, గ్రాముల్ని క్యారెట్లలోకి మారుస్తున్నారు. మొన్న ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె తూచి చూసి, వాళ్ల అన్న పోయినేడాది అమ్మిన డబ్బా ఎన్ని క్యారెట్లయి ఉంటుందో లెక్కగట్టింది. అన్నకు ఇచ్చిందెంతో పక్కన రాసింది. ఆ కాగితం మా బల్ల సొరుగులో ఉంది. వచ్చే గ్రామసభలో ఆ పిల్ల చేతే చదివిస్తాం.