బొమ్మ రైలుకి అంత అరుపెందుకు?



మొన్న సైన్సు ఎగ్జిబిషనులో మన క్లాసు అట్టలతో చేసిన అరకు రైలు మీరందరూ చూశారు. కొండలు, సొరంగం బాగా కుదిరాయి. రైలుకి మాత్రం రెండు స్పీకర్లు పెట్టి అరిపించాం. మూడో తరగతి పిల్లలు చెవులు మూసుకున్నారు. సౌండు ఎంతుంటే అంత నిజం రైలులా ఉంటాదని మన గ్రూపు మాట. నేను వద్దంటే "నీకేం తెలుసే" అన్నారు. అప్పుడు చెప్పలేకపోయాను. అందుకే రాస్తున్నాను.

మా ఊరు కొత్తవలస-కిరండూల్ లైనుకి పైన, కొండ మీద ఉంది. మేకల్ని తోలుకెళ్ళినప్పుడు కింద గూడ్సు పోతుంటే చూస్తాను. అక్కణ్ణించి ఇంజను అగ్గిపెట్టంత. చప్పుడు కూడా సన్నగానే వస్తాది. సొరంగంలో దూరితే ఆగిపోతాది. స్టేషనులో నిలబడితే మాత్రం గుండెలు అదురుతాయి. చిన్నగా కనబడే రైలు పెద్దగా అరిస్తే ఎలా నమ్ముతాం?

సైన్సు సారు లెక్క కూడా చెప్పారు. రైలు బొమ్మలు చేసేవాళ్ళు చాలా దేశాల్లో వాడే కొలత హెచ్.ఓ. అంటే అసలు రైలులో 87వ వంతు. ఆ బొమ్మని 1 మీటరు దూరంలో చూస్తే అసలు రైలుని 87 మీటర్ల నుంచి చూసినట్టు. ఆరుబయట దూరం రెట్టింపయితే చప్పుడు సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. కాబట్టి బొమ్మకి చప్పుడు తగ్గించడమే నిజం.

ఇంకో తప్పు, మనం పెట్టింది "చుక్ చుక్" సౌండు. అది ఆవిరి ఇంజనుది. మన లైనులో నడిచేవి కరెంటు ఇంజన్లు. మా అయ్యకి చదువు రాదు. కానీ చప్పుడు వినే ఇనుప రాయి నింపుకొని విశాఖ దిగే గూడ్సో, ఖాళీగా పైకెళ్ళేదో చెప్పేస్తాడు. ఆరోజు మన రైలు విని "ఇది ఏ ఊరి రైలమ్మా?" అనడిగాడు. నాకు సిగ్గేసింది.

హాలులో గోలకి చిన్న సౌండు వినబడదంటారు. నిజమే. అయితే దగ్గరికొచ్చి వింటారు, తప్పేముంది?

వచ్చేసారి ఒక్క స్పీకరు చాలు. అది కొండ అట్ట కింద పెడదాం. రైలు సొరంగంలో ఉన్నంతసేపు సౌండు తగ్గిద్దాం. మేడం గారు ఒప్పుకుంటే సారు ఫోనులో మన లైను గూడ్సు చప్పుడే రికార్డు చేద్దాం. ఏది నింపుదో, ఏది ఖాళీదో మా అయ్యని అడిగి నేను చెప్తాను.

ఇట్లు
మీ తోటి విద్యార్థిని, 9వ తరగతి