తుపాకికీ ఒక చుట్టకుదురు

ఏలూరు నుంచి ఒక సోదరి ఉత్తరం వ్రాశారు. ఆమె తమ్ముడు సైన్యంలో ఉన్నాడు. సెలవుకు ఇంటికి వచ్చినప్పుడు ఏదో మాటల్లో, "మా రైఫిలుకు కూడా బఫరు ఉంటుందక్కా" అన్నాడట. "రైలుపెట్టెకు బఫరుంటుందని చిన్నప్పటినుంచీ చూస్తున్నాం. తుపాకికి బఫరేమిటండీ? నన్ను ఆట పట్టించడానికి అన్నాడా?" అని ఆవిడ సందేహం.

ఆట పట్టించలేదమ్మా. ఉన్నమాటే చెప్పాడు. 2019లో మన సైన్యం అమెరికా నుంచి 72,400 సిగ్ 716 రైఫిళ్ళు కొనడానికి ఒప్పందం చేసుకున్నది. ఆ జాతి రైఫిలు మడమలో ఒక గొట్టం, గొట్టంలో పొడుగాటి స్ప్రింగు, ఆ స్ప్రింగు ముందు గుప్పిట్లో ఇమిడేటంత బఫరు ఉంటాయి. అది ఎందుకో తెలియాలంటే ముందు తుపాకి తన్ను సంగతి చెప్పుకోవాలి.

తుపాకి తన్నుతుందని అందరూ విన్నదే. కాలేజీ రోజుల్లో ఎన్.సి.సి.లో నేనూ ఆ తన్ను రుచి చూశాను. గుండు ముందుకు పోతే తుపాకి వెనక్కి రావలసిందే. ఇది 1687లో న్యూటన్ మహాశయుడు అచ్చువేయించిన నియమం. లెక్క కూడా సులువే. రైఫిలు బరువు 4½ కిలోలు, గుండు బరువు 9½ గ్రాములు అనుకోండి. గుండు సెకనుకు 840 మీటర్ల వేగంతో దూసుకుపోతే, దాని వంతుకే రైఫిలు సెకనుకు దాదాపు 1¾ మీటర్ల వేగంతో భుజం మీదికి వస్తుంది. గుండు వెనకాలే ఎగజిమ్మే గ్యాసు కూడా తన వంతు కలుపుతుంది గనక అసలు వేగం ఇంకా ఎక్కువే. ఇది భుజానికి తగిలే తన్ను. మడమకు తొడిగే రబ్బరు మెత్త దీనికోసమే.

అయితే సెమీ ఆటోమాటిక్ రైఫిలులో ఇంకొక తన్ను ఉన్నది. అది తుపాకి తనకు తానే తన్నుకునే తన్ను!

పాత 303 రైఫిలులో ఒక్కొక్క తూటాకీ సిపాయి చేత్తో బోల్టు లాగి మూయాలి. సెమీ ఆటోమాటిక్‌లో ఆ చాకిరీ తుపాకే చేసుకుంటుంది. ట్రిగ్గరు నొక్కగానే పుట్టిన గ్యాసులో కొంత, గొట్టానికున్న చిన్న రంధ్రం గుండా వచ్చి బోల్టును వెనక్కి నెడుతుంది. బోల్టు ఖాళీ తొడుగును బయటికి విసిరి, స్ప్రింగును నొక్కుతూ వెనక కొసదాకా పోయి, అదే స్ప్రింగు తోస్తే ముందుకు వచ్చి కొత్త తూటాను లోపలికి ఎక్కిస్తుంది. సిపాయి మళ్ళీ ట్రిగ్గరు నొక్కడమే తరువాయి. ఇదంతా రెప్పపాటు పని.

చిక్కల్లా ఆ వెనక కొసలో ఉన్నది. బోల్టు ఉక్కు, అది తగిలే చోటు కూడా గట్టి లోహం. స్ప్రింగు దాని వేగాన్ని చాలావరకు తగ్గించినా, మిగిలినది ఠపీమని తగులుతుంది. ఒకటి రెండు దెబ్బలకు ఏమీ కాదు. వేల దెబ్బలు పడితే లోహం అణుగుతుంది, సన్నని పగుళ్ళు పుడతాయి, చీలలు వదులవుతాయి.

ఇల్లు కట్టేచోట ఇటుకలు అందుకునే కూలీని చూడండి. కింద నుంచి ఎగిరివచ్చిన ఇటుకను వాడు చేతులు బిగబట్టి అందుకోడు. ఇటుకతోబాటే చేతులను కాస్త వెనక్కి పోనిస్తాడు. ఆగవలసిన వేగం ఎంతో అంతే. కాని ఆగడానికి తీసుకున్న సమయం పెరిగింది. సమయం పెరిగితే దెబ్బ పదును తగ్గుతుంది. బఫరు చేసే పని ఇదే. బిందెకూ నెత్తికీ మధ్య చుట్టకుదురు పెట్టినంత మాత్రాన బిందె బరువు తగ్గదు గదా! నెత్తినొప్పి తగ్గుతుంది. బఫరూ అంతే. తన్నును మాయం చేయదు, తాను కాస్త అణిగి దాన్ని మెత్తన చేస్తుంది.

అమెరికావారి ఎం-16 రైఫిలులోనూ, దాని వంశపు సెమీ ఆటోమాటిక్ రైఫిళ్ళలోనూ ఉండే బఫరు చూడ ముచ్చటైన వస్తువు. అల్యూమినియం గొట్టంలో జారే బరువు బిళ్ళలు, వాటి మధ్య రబ్బరు బిళ్ళలు, వెనక కొసను మెత్తని ప్లాస్టిక్ బిరడా. బోల్టు వెనక్కి వచ్చినప్పుడు బిరడా దెబ్బను మింగుతుంది. ముందుకు పోయి మూసుకున్నప్పుడు లోపలి బిళ్ళలు ఒక్క క్షణం ఆలస్యంగా జారివచ్చి, బోల్టు ఎగిరిపడకుండా అదిమి పడతాయి. పొట్టి రైఫిళ్ళకు దాదాపు 85 గ్రాముల బఫరు మొదలుకొని దాదాపు 150 గ్రాముల దాకా రకరకాల బరువుల్లో దొరుకుతాయి. బరువైనది కదలడానికి బద్ధకిస్తుంది గనక బోల్టు నెమ్మదిస్తుంది.

ఈ బఫరుకు ఒక విషాద చరిత్ర ఉన్నది. వియత్నాం యుద్ధంలోకి దిగేముందు, 1964లో, ఎం-16 తూటాలో వాడే మందును మార్చారు. కొత్త మందుతో బోల్టుకు తగిలే ఊపు పెరిగింది. వరసగా కాల్చినప్పుడు నిమిషానికి 850 తూటాలు మించకూడదన్న రైఫిలు కొన్నిసార్లు 1000 దాకా పోయింది. భాగాలు విరిగాయి, ఖాళీ తొడుగులు లోపలే ఇరుక్కుపోయాయి. 1966-67లో బరువైన కొత్త బఫరు పెట్టారు. వేగం అదుపులోకి వచ్చింది.

కాని తొడుగులు ఇరుక్కోవడం అంతటితో తీరలేదు. తూటా కూర్చునే గది లోపల క్రోమియం పూత లేదు. ఆ దేశపు చెమ్మకు అది తుప్పు పట్టింది. పైగా తుడుచుకునే సామాను సిపాయిలందరికీ అందలేదు. తుప్పును బఫరు ఏం చేస్తుంది? యుద్ధం మధ్యలో తుపాకి మొరాయించి ప్రాణాలు పోయాయి. 1967లో సిపాయిలు ఇళ్ళకు వ్రాసిన ఉత్తరాలు పత్రికలకెక్కాయి. విచారించిన అమెరికా పార్లమెంటు ఉపసంఘం ఆ ఏడాదే నివేదిక ఇస్తూ, తూటాల లోపాన్ని సరిదిద్దకపోవడం నేరానికి దగ్గరైన నిర్లక్ష్యమని అధికారులను గట్టిగా మందలించింది. గదికి క్రోమియం పూత, చేతికి శుభ్రం చేసే సామాను వచ్చాకనే ఆ రైఫిలు దారికి వచ్చింది.

మన ఎస్.ఎల్.ఆర్. రైఫిలు సంగతి చూడండి. 1960ల నుంచి పశ్చిమ బెంగాలులోని ఇచ్ఛాపూరు ఫాక్టరీలో తయారై, 1971 యుద్ధంలో మన జవానుల చేతుల్లో ఉన్న సెమీ ఆటోమాటిక్ అది. దానికి గ్యాసును ఎక్కువ తక్కువలు చేసే మర ఉన్నది. ముందు గ్యాసునంతా బయటికి వదిలేయాలి. తరువాత ఒక్కొక్క మెట్టే బిగిస్తూ, రైఫిలు తొడుగును సరిగా విసిరి తూటాను ఎక్కించుకునేంత వరకూ తేవాలి. మట్టీ మశానం అడ్డుపడినా పని ఆగకుండా మరి ఒకటి రెండు మెట్లు బిగించి అక్కడ ఆపాలి. అంతకు మించి బిగిస్తే ఆ గ్యాసంతా దెబ్బలుగా మారి రైఫిలునే తింటుంది. దెబ్బను ఆపడం కంటే పుట్టకుండా చూడడం ఎంత తెలివైన పని!

కొన్ని దేశాల్లో వేటకూ, గురి పందాలకూ సెమీ ఆటోమాటిక్ రైఫిళ్ళు ఉంచుకునేవారున్నారు. వారి కోసం బోల్టు వెనక దూర్చే ప్లాస్టిక్ బిళ్ళలు అమ్ముతారు. పెట్టాలని కొందరు, అక్కర్లేదని కొందరు వాదులాడుకుంటూనే ఉంటారు. బిళ్ళ మందమైతే బోల్టు కొసదాకా పోలేక తూటాను అందుకోకపోవచ్చు. వేడికీ నూనెకూ బిళ్ళ పెళుసెక్కి, ముక్కలై యంత్రంలో పడవచ్చు. తుపాకిని కాపాడవలసినదే దాన్ని ఆపేస్తుందన్నమాట. చాలాచోట్ల అసలు దోషం స్ప్రింగుది. ఏళ్ళ తరబడి నలిగి దాని బిగి సడలుతుంది. మరమ్మతు చేసేవారు పాత స్ప్రింగును కొత్తదాని పక్కన పెట్టి చూస్తారు. పొడవు తగ్గితే పారవేసి కొత్తది వేస్తారు. దాని ఖర్చు రైఫిలు ధరలో ఏ మూలకూ రాదు.

బఫరు కూడా అరిగేదే. అరగడమే దాని ఉద్యోగం. మీ వంటింట్లో మిక్సీ జారు కింద ఉండే రబ్బరు కప్లరును ఒకసారి తిప్పి చూడండి. పళ్ళు అరిగి ఉంటే విసుక్కోకండి. మోటారు పడవలసిన దెబ్బలు అది పడింది. కొత్తది వేయించండి. మార్చిన నెలకే మళ్ళీ అరిగితే మాత్రం తప్పు కప్లరుది కాదు, జారులో ఏం వేసి రుబ్బుతున్నారో చూసుకోండి.