బిళ్ళలు పేర్చి యాప్ చేద్దాం, లెక్క మాత్రం మనమే వేద్దాం

“కంప్యూటర్ కోర్సు మనకెందుకురా, దానికి ఇంగ్లీషు రావాలి” అనే మాట మన హాస్టల్ వరండాలో వినని బ్యాచ్ లేదు. అది విని వేరే గ్రూపులకు పోయినవాళ్లు మాలో ఎందరో ఉన్నారు. ఆ మాట సగమే నిజమని మా అభిప్రాయం.

ప్రోగ్రామ్‌లో ఒక సెమికోలన్ తప్పినా, ఒక స్పెల్లింగు మారినా కంప్యూటర్ ముందుకు కదలదు. తెలుగు మీడియం తమ్ముడు అక్కడే ఆగి, తనకు బుర్ర లేదనుకుంటాడు. నిజానికి వాడికి లెక్క తెలుసు, టైపే కుదరలేదు.

ఆ టైపు బాధ తీర్చే పనిముట్లు వచ్చి చాలా కాలమైంది. 1991లో మైక్రోసాఫ్ట్ విజువల్ బేసిక్‌లో బటన్లను మౌస్‌తో లాగి పెట్టవచ్చు గానీ, ఆ బటన్ నొక్కితే ఏం జరగాలో మళ్లీ టైపు చేయాల్సిందే. 2007లో అమెరికాలోని ఎం.ఐ.టి. విడుదల చేసిన స్క్రాచ్‌లో ఆజ్ఞలే రంగు బిళ్ళలయ్యాయి. 2010లో గూగుల్, ఎం.ఐ.టి. ఆచార్యుడు హాల్ ఏబెల్సన్ ఆధ్వర్యంలో, ఇదే పద్ధతిలో ఆండ్రాయిడ్ యాప్‌లు చేసుకునే యాప్ ఇన్వెంటర్‌ను తెచ్చింది. 2012 నుంచి దాన్ని ఎం.ఐ.టి.యే ఉచితంగా నడుపుతోంది. మన దేశంలో నీతి ఆయోగ్ 2020లో అటల్ టింకరింగ్ ల్యాబ్ పిల్లలకు యాప్‌ల తయారీ పాఠాలు మొదలుపెట్టింది. మన హాస్టళ్లకు మాత్రం ఎందుకు రాకూడదు?

మన చిల్లకల్లు లెక్కే తీసుకుందాం. నాన్న గుంటూరు యార్డుకు మిర్చి టిక్కీలు వేసుకెళ్లి చీటీతో తిరిగొస్తాడు. అందులో కమీషన్, హమాలీ, లారీ కిరాయి పోను చేతికెంత రావాలి? యాప్ ఇన్వెంటర్‌లో తూకానికో పెట్టె, ధరకో పెట్టె, ఖర్చులకో పెట్టె, కింద ఒక బటన్ పెడతాం. ‘బటన్ నొక్కినప్పుడు’ అనే బిళ్ళలో గుణకారం బిళ్ళ, తీసివేత బిళ్ళ దూరుస్తాం. పొసగని బిళ్ళ అతుక్కోదు. అయితే ఒక తిరకాసుంది. తూకం కిలోల్లో ఉండి, ధర క్వింటాలుకు ఉంటే, బిళ్ళలన్నీ చక్కగా అతుక్కుంటాయి, మిర్చి సొమ్ము మాత్రం వంద రెట్లు వస్తుంది! వందతో భాగించాలని ఏ బిళ్ళా చెప్పదు. అది మిర్చి మోసిన ఇంటి పిల్లకు తెలుసు. అందుకే ఇది మన పిల్లలకు పనికొచ్చే చదువంటున్నాం.

దీనికి హద్దులూ ఉన్నాయి. లెక్కలు ఫోన్‌లోనే దాచుకుంటే, ఫోన్ పోయిన రోజు అవీ పోతాయి. ఇక్కడ పేర్చిన బిళ్ళలను ప్రతి కంపెనీ పనిముట్టులోకీ తీసుకెళ్లలేం. కాబట్టి “కోడింగ్ లేకుండానే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం” అనే గోడ పోస్టర్లను నమ్మి అమ్మ పుస్తెలు తాకట్టు పెట్టకండి. ఉద్యోగానికి జావానో, పైథానో, ఎస్.క్యు.ఎల్.నో నేర్వక తప్పదు. ఇప్పుడు అడిగితే కోడ్ రాసిపెట్టే ఎ.ఐ. కూడా వచ్చింది. అదీ అంతే, క్వింటాలు సంగతి మనం కనిపెట్టుకోవాలి.

దీనికి కావలసింది ఇంటర్నెట్ ఉన్న ఒక కంప్యూటర్, పరీక్షించి చూడటానికి ఒక ఆండ్రాయిడ్ ఫోన్. వార్డెన్ గారు ఆదివారం స్టడీ అవర్‌లో ఒక గంట ఇప్పిస్తే, సెలవులకు వచ్చినప్పుడల్లా మేము వచ్చి కూర్చుంటాం. ఎనిమిది, తొమ్మిది తరగతులవాళ్లు ముందు పేర్లివ్వండి, పదో తరగతివాళ్లు పరీక్షలయ్యాక రండి. వచ్చేటప్పుడు ఇంట్లో ఉన్న పాత మిర్చి చీటీ ఒకటి వెంట తెచ్చుకోండి.