తంబురా వినబడాలంటే...

మా అత్తగారు పాతికేళ్లు పిల్లలకు సంగీతం చెప్పారు. చెవి మిషన్ కొన్న వారానికే తీసి బీరువాలో పెట్టేశారు. "మాటలు బాగానే వినబడుతున్నాయే అమ్మాయ్, తంబురానే మింగేస్తోంది" అన్నారు. చాదస్తం అనుకున్నాం. కాదట!

ఈ మిషన్లు ముఖ్యంగా మాట కోసం తయారైనవి. మామూలు మాట 60, 65 డెసిబెల్స్ ఉంటే, కచేరీ 100 కూడా దాటొచ్చు. అంత ధ్వనికి కొన్ని మిషన్లలో స్వరం పగిలి బరబరమంటుంది. ఎడతెగని తంబురా శ్రుతిని ఫ్యాను చప్పుడు కింద జమకట్టి తగ్గించేస్తుంది. వేణువు మీద నిలిపిన స్వరాన్ని తన ఈలే అనుకుని నొక్కబోతుంది.

అందుకే కొనేముందు ఆడియాలజిస్టును అడగండి. సంగీతానికి విడిగా ప్రోగ్రాం ఉందా? అందులో చప్పుడు తగ్గించేదీ, ఈల ఆపేదీ తీసేయడమో తగ్గించడమో కుదురుతుందా? శ్రుతిపెట్టె వెంట తీసుకెళ్లి అక్కడే ఓ కీర్తన పాడి చూసుకోండి. కొన్నాళ్లు ఇంట్లో వాడి చూస్తామనడానికి మొహమాటమెందుకు? చీర కొనేటప్పుడు పది మడతలు విప్పించమూ!

ఖరీదు వినగానే "ఈ వయసులో నాకెందుకులే" అనేది మన ఆడవాళ్లే. అత్తగారూ అన్నారు. బతిమాలి తీసుకెళ్లి మొన్న ఆ ప్రోగ్రాం పెట్టించాం. తంబురా వినబడుతోందట. పై షడ్జం మాత్రం ఇంకా గీరగా ఉందంటున్నారు. మళ్లీ వెళ్లాలి.